నాన్న తుపాకీ లాంటిదే

కట్లర్ క్రీక్, వయోమింగ్
జూలై 11, 1996

మామయ్యా,

చీటీ వచ్చింది! ఎనిమిదేళ్లుగా ఎల్క్ వేటకి అనుమతి చీటీలిచ్చే లాటరీలో పేరు వేస్తున్నాను, ఎనిమిదేళ్లుగా "మీకు రాలేదు" అన్న కార్డే వస్తోంది. ఈసారి పోస్టాఫీసులోనే కవరు చింపి కేక పెట్టాను. కౌంటర్లో ఆవిడ మా ఇంట్లో ఎవరో పోయారనుకుని బయటికి పరుగెత్తుకొచ్చింది. మగ ఎల్క్, అక్టోబరు పది నుంచి, అదీ టింబర్ బేసిన్‌లో. నాన్న ఆఖరిసారి వెళ్లిన కొండే.

స్కూలు బస్సు నడుపుకునే ఆడమనిషికి ఆ కొండ మీద ఏం పని అని ఊళ్లో నవ్వేవాళ్లు నవ్వుతున్నారు. నవ్వనీ. జింకల్ని కొట్టాను గానీ ఎల్క్‌ని ఎప్పుడూ కొట్టలేదు. గుర్రమంత దుప్పి అది, పదివేల అడుగుల ఎత్తు, పైగా ఇప్పుడు ఎలుగుబంట్లు కూడా పెరిగాయి. ముప్ఫై ఏళ్లు వేటగాళ్లను ఆ కొండలెక్కించి దించినవాడివి నువ్వు. నువ్వే చెప్పు, పెద్ద జంతువుకి సరైన తుపాకీ ఏది?

అడుగుతున్నానే గానీ జవాబు నాకు తెలుసు. నాన్న త్రీ-థర్టీ-ఎయిట్ తుపాకీ. పదకొండేళ్ల కిందట నాన్న ఆ మంచులో చిక్కుకుని పోకముందు, మగ ఎల్క్‌ని ఒక్క గుండుకే పడగొట్టాడని చెప్పింది నువ్వే కదా. చొక్కా జేబులో దొరికిన ఆయన చీటీకి అమ్మ అద్దం కట్టించి హాల్లో పెట్టింది. జంతువు పడగానే చీటీలో నెలా తేదీ కత్తితో కోస్తారుగా, ఆ రెండు గంట్లు, అక్టోబరూ పద్నాలుగూ, రోజూ బూట్లు వేసుకుంటూ చూస్తాను.

ఆ తుపాకీ నీ దగ్గరే ఉంది. మీ ఊరి తుపాకుల షాపు నుంచి మా ఊరి షాపుకి పంపిస్తే నేను తీసుకుంటాను. పంపిస్తావా?

అమ్మ బాగానే ఉంది. ఈ ఏడు బంగాళాదుంపల్ని పురుగు పట్టింది, అందుకని ఎవరితోనూ మాట్లాడటం లేదు.

ఆగలేకపోతున్న నీ మేనకోడలు
ట్రూడీ


న్యూపోర్ట్, ఆరెగన్
జూలై 22

కోడలు పిల్లా,

నేనూ కేక పెట్టబోయాను గానీ ముక్కులో ఆక్సిజన్ గొట్టం అడ్డమొచ్చింది. కొండ గాలి నీకిక పనికిరాదని డాక్టర్లు నన్నీ సముద్రం ఒడ్డున పడేసి నాలుగేళ్లయింది. పక్కింటి ముసలాయన రోజూ గిన్నెడు గుల్లల సూపు తెచ్చిపెట్టి, "సముద్రం చూస్తే మనసు కుదుటపడుతుంది" అంటాడు. నాకేమో అది దున్నకుండా వదిలేసిన పొలంలా కనిపిస్తుంది. ఫోనులో రెండు మాటలకే ఆయాసం వస్తోంది. ఉత్తరమైతే ఆగి ఆగి రాసుకోవచ్చు.

తుపాకీ సంగతి. నీకు టూ-సెవెంటీ చాలు. గుండు చిన్నదైనా ఊపిరితిత్తుల్లో పడితే ఎల్క్ వంద గజాలు కూడా పోదు. ఫిరంగి గుండైనా సరే, కడుపులో పడితే రెండు కొండలు దాటిపోతుంది. మీద బిగించే దుర్భిణి, ఆ స్కోపుతో కలిపి ఎనిమిది పౌన్లు మించనివ్వకు, ఆ ఎత్తులో ఒక్కో పౌనూ రెండవుతుంది. నీ చేతులు పొట్టి, భుజానికి ఆనే వెనక కర్ర అంగుళం కోయించు. మూడొందల గజాలు దాటితే పేల్చకు, ఇంకా దగ్గరికి పో. అన్నిటికంటే ముందు, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు నీకు భయం వేయని తుపాకీ కావాలి. మీ నాన్న పాత టూ-సెవెంటీ మీ ఇంట్లోనే ఉండాలి. దానికి మంచి స్కోపు బిగించుకుంటే అంతకు మించింది లేదు.

పెద్ద తుపాకీ మాట వదిలెయ్.

మార్వాకి నేనెన్ని రాసినా జవాబివ్వదు. మా చెల్లెలి బంగాళాదుంపల సంగతి కూడా నీ ద్వారా తెలియాల్సిందే.

ఊపిరి ఉన్నంతసేపూ నీ
ఎల్డన్ మామయ్య


కట్లర్ క్రీక్
ఆగస్టు 3

మామయ్యా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

ఆ టూ-సెవెంటీని "కుందేళ్ల తుపాకీ" అన్నది ఎవరు? మా వంటింట్లో కూర్చుని, మా కాఫీ తాగుతూ, "బావా, ఆ బొమ్మ తుపాకీ పట్టుకుని నా శిబిరానికి రాకు, నా గుర్రాలు నవ్వుతాయి" అన్నది నువ్వు కాదూ? నాకప్పుడు ఇరవై ఏళ్లు, అన్నీ గుర్తున్నాయి. ఆ మరుసటి వారమే నాన్న వెళ్లి త్రీ-థర్టీ-ఎయిట్ కొనుక్కొచ్చాడు. మగవాడికి ఫిరంగి, ఆడదానికి బొమ్మ తుపాకీనా? ఇదే చీటీ ఏ మగపిల్లాడికో వచ్చి ఉంటే నువ్విలాగే రాసేవాడివా?

నీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. విని గిన్నెలు చాలా గట్టిగా కడిగింది.

తుపాకీ ఎప్పుడు పంపుతావో చెప్పు. అది నాన్నది. నీది కాదు.

ట్రూడీ


న్యూపోర్ట్
ఆగస్టు 14

అమ్మడూ,

నువ్వు ఆడదానివని కాదు. నేను కొండెక్కించిన మగవాళ్లలో సగంమంది పెద్ద తుపాకీకి భయపడేవాళ్లే. ఒక్కడు కూడా ఒప్పుకోలేదంతే. గురి తప్పిన ప్రతివాడూ ఏం చేస్తాడో తెలుసా? వెళ్లి ఇంకా పెద్దది కొంటాడు. అది పేలినప్పుడు భుజాన్ని ఇంకా గట్టిగా తన్నుతుంది, వాడు ఇంకా తప్పుతాడు. మా మగవాళ్లలో ఇదో రోగం.

నీకో పరీక్ష చెబుతాను. ఏ తుపాకీ పట్టుకున్నా సరే, దాంట్లో తూటా మీ అమ్మ చేత పెట్టించు. నువ్వు చూడకూడదు. కొన్నిసార్లు మంచి తూటా, కొన్నిసార్లు పేలిపోయిన ఉత్త తొడుగు. ఏది ఉందో తెలియకుండా గురి పెట్టి నొక్కు. ఉత్త తొడుగు మీద "టిక్" మన్నప్పుడు గొట్టం కదలకుండా ఉందా, నువ్వు మంచి వేటగత్తెవి. గొట్టం ముక్కు కిందికి పడిందా, తన్నుతుందన్న భయంతో ముందే ఉలిక్కిపడుతున్నావని అర్థం. అది ఎంత గొప్ప తుపాకీ అయినా నీకు పనికిరాదు. అయిదుసార్లు చూసి, ఉన్నదున్నట్టు నాకు రాయి.

మీ నాన్న తుపాకీ ఇవ్వలేను. ఎందుకని అడగకు.

ఇక్కడ మూడు రోజులుగా పొగమంచు. ఎదురిల్లే కనిపించడం లేదు.

మామయ్య


కట్లర్ క్రీక్
సెప్టెంబరు 8

మామయ్యకి,

ఇవ్వలేకపోతే ఉంచుకో. నేను కొనేసుకున్నాను. అచ్చం నాన్న తుపాకీ లాంటిదే, త్రీ-థర్టీ-ఎయిట్ మాగ్నమ్. మా ఊరి షాపాయన ఇవ్వడానికి కాస్త నసిగాడు. "నోలన్ కూతుర్నండీ" అన్నాను. వెంటనే కాగితాలు తీశాడు.

బాగా తన్నుతుంది, కాదనను. మొదటిరోజే స్కోపు వెనక్కొచ్చి కనుబొమ్మ మీద గుద్దింది. అర్ధచంద్రంలా తెగింది, రెండు కుట్లు పడ్డాయి. సోమవారం బస్సెక్కిన పిల్లలంతా "ఎవరితో కొట్లాడావు?" అని ఒకటే గోల. నాన్నకీ సరిగ్గా అక్కడే గాటు ఉండేది, గుర్తుందా? అద్దంలో చూసుకుని నవ్వుకున్నాను. అచ్చం నాన్న కూతుర్ని.

నువ్వు చెప్పిన పరీక్ష కూడా చేశాను. అమ్మే తూటాలు పెట్టింది. గొట్టం కదలలేదు. సంతోషమేనా?

పొరుగున ఓర్విల్ తన గుర్రాలతో వస్తానన్నాడు. శిబిరం మీ పాత చోటే వేస్తాం, వాగు పక్కన.

నోలన్ కూతురు
ట్రూడీ


న్యూపోర్ట్
సెప్టెంబరు 16

ట్రూడీ,

ఆ గాటు సంగతి చదివాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

ఆ తుపాకీ తిరిగి ఇచ్చెయ్. షాపువాడు తీసుకోకపోతే బావిలో పారెయ్. దాంతో కొండెక్కకు. పాత టూ-సెవెంటీ పట్టుకోనంటావా, ఈ ఏడు అసలు వెళ్లకు. చీటీ పోతే పోయింది. ముసలాడి మాట ఒక్కటి విను.

మామయ్య


కట్లర్ క్రీక్
సెప్టెంబరు 25

మామయ్యా,

వెళ్లొద్దా? ఎనిమిదేళ్లు ఎదురుచూశాక?

నాకిప్పుడు అర్థమైంది. నువ్విక ఆ కొండ ఎక్కలేవు. అందుకని నేనూ ఎక్కకూడదు. నాన్న తుపాకీ నీ మంచం కింద పెట్టుకుని కూర్చున్నావు. నాన్న చేసిన పని ఆయన కూతురు కూడా చేస్తుందంటే నీకు మింగుడుపడటం లేదు. నీ నుంచి నేనిది అనుకోలేదు.

ఆరో తారీఖున బయల్దేరుతున్నాం. ఇక రాయక్కర్లేదు.

ట్రూడీ


న్యూపోర్ట్
అక్టోబరు 3

ట్రూడీ,

రాయొద్దన్నావు, అయినా రాస్తున్నాను. ఇది వెళ్లేలోపు నీకు అందాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను. అందగానే చదువు. చదివాక నన్ను ఏమన్నా అను.

మీ నాన్న ఆ ఎల్క్‌ని పడగొట్టలేదు.

టూ-సెవెంటీతో నోలన్ ఇరవై ఏళ్లలో ఒక్క జంతువుని కూడా గాయపరిచి వదల్లేదు. నేను ఎగతాళి చేశాను. నలుగురిలో చేశాను. ఆయన మంచివాడు, నవ్వి ఊరుకున్నాడు, వెళ్లి పెద్దది కొన్నాడు. ఆ వేసవిలోనే స్కోపు కొట్టి కనుబొమ్మ తెగింది. నువ్వు నవ్వుకున్న గాటు అదే. అప్పటి నుంచి ట్రిగ్గర్ నొక్కేముందు కళ్లు మూసుకునేవాడు. నేను చూశాను. "అలవాటవుతుందిలే బావా" అన్నాను. నీకు చెప్పిన పరీక్ష ఆయన చేత ఒక్కసారి చేయించి ఉంటే సరిపోయేది. నా మాట తప్పని ఒప్పుకోవాల్సొస్తుందని చేయించలేదు.

ఆ పద్నాలుగో తారీఖు పొద్దున్న నూటయాభై గజాల్లో మగ ఎల్క్ పక్కకి తిరిగి నిలబడింది. చిన్నపిల్లలు కూడా కొట్టగలరు. నోలన్ పేల్చాడు. గుండు కడుపులో పడింది. అది చెట్లలోకి పోయింది. మీ నాన్న నా వైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. తర్వాత జేబులోంచి చీటీ తీసి, కత్తితో నెలా తేదీ కోశాడు. "ఇంకా దొరకలేదుగా, ఎందుకు కోస్తావు?" అన్నాను. "రక్తం కళ్లజూశాను. దొరికినా దొరక్కపోయినా అది నాదే" అన్నాడు. దొరక్కముందే కోయమని చట్టం అడగదు. ఆయన పద్ధతి అది.

నాకప్పటికే దగ్గు. "నువ్వెళ్లి పొయ్యి రాజెయ్యి, నేను దాని బాధ తీర్చి వస్తాను" అన్నాడు. నేను శిబిరానికి వచ్చేశాను. మధ్యాహ్నానికి మంచు మొదలైంది. మూడో రోజు దొరికాడు, ఒక చెట్టు మొదట్లో కూర్చుని. శిబిరం వైపు కాదు, ఆ ఎల్క్ పోయిన వైపే ఉన్నాడు.

కిందికి తెచ్చాక నువ్వు వాకిట్లో నిలబడి ఉన్నావు. నన్ను అడిగిన మొదటి మాట, "నాన్న దాన్ని కొట్టాడా?" నా నోట్లోంచి, "ఒక్క గుండుకే తల్లీ" అని వచ్చేసింది. ఎవరూ ఇంకేం అడగలేదు. మాంసం ఏదని కూడా అడగలేదు. నీకు ధైర్యం చెప్పడానికి అన్నానని ఇన్నాళ్లూ అనుకున్నాను. కాదు. నన్ను నేను కాపాడుకోవడానికి అన్నాను.

ఆ తుపాకీ నా మంచం కింద లేదు. ఇక్కడికి వచ్చేముందు ఇనుము కోసేవాడి దగ్గరికి తీసుకెళ్లి మూడు ముక్కలు చేయించాను.

నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మి నువ్వు అలాంటిదే కొన్నావు. వెళ్లకు తల్లీ. వెళ్తే పాతది పట్టుకెళ్లు.

ఎల్డన్


కట్లర్ క్రీక్
అక్టోబరు 21

మామయ్యా,

నీ ఉత్తరం ఏడో తారీఖున వచ్చిందట. నేను ఆరునే కొండెక్కేశాను. కవరు మీద నా పేరుంది కాబట్టి అమ్మ విప్పకుండా రొట్టెల డబ్బా మీద నిలబెట్టింది. ఎనిమిదిన నువ్వు ఫోన్ చేశావట కదా. "దగ్గాడు, దగ్గాడు, అక్కడ మంచు పడుతోందా అని అడిగాడు. లేదన్నాను. సరే అని పెట్టేశాడు" అంది అమ్మ. పదమూడున దిగొచ్చి, బూట్లు కూడా విప్పకుండా నిలబడే చదివాను. వారం నుంచి జవాబు రాయాలని కూర్చుంటున్నాను, లేచిపోతున్నాను.

ముందు నా అబద్ధం. పరీక్షలో గొట్టం అయిదింట నాలుగుసార్లు కిందికి పడింది. కదల్లేదని నీకు రాశాను. "ఇది చాలదా నీకు?" అంది అమ్మ. "అలవాటవుతుందిలే" అన్నాను. నువ్వు నాన్నతో అన్నవీ అవే మాటలని నీ ఉత్తరంలో చూశాను.

పదకొండో తారీఖు పొద్దున్న కనిపించింది. రెండొందల గజాలు. పక్కకి తిరిగి, ప్రశాంతంగా గడ్డి తింటోంది. నేను కళ్లు మూసుకున్నాను. మూసుకుంటున్నానని తెలుసు, అయినా నొక్కేశాను. గుండు బాగా వెనక పడింది. వెనక కాళ్లు వంగి, మళ్లీ లేచి, చెట్లలోకి వెళ్లిపోయింది. అది అరవలేదు. అరిచి ఉంటే నాకు నయంగా ఉండేది.

ఆ రోజూ మర్నాడూ రక్తం చుక్కలు పట్టుకుని తిరిగాం. మర్నాడు మధ్యాహ్నం మంచు మొదలై అన్నిటినీ కప్పేసింది. ఓర్విల్ అన్నాడు, "చీటీ ఇంకా కోయలేదుగా. ఎవరడుగుతారు? రేపు ఇంకోదాన్ని చూద్దాం." నేను అక్కడే మంచులో కూర్చుని చీటీ తీసి, అక్టోబరూ పదకొండూ కోసేశాను. ఎందుకు కోశానో ఓర్విల్‌కి చెప్పలేకపోయాను. కోయకపోతే మళ్లీ ఆ హాల్లో నాన్న చీటీ ముందు నిలబడి బూట్లు వేసుకోలేననిపించింది, అంతే.

తర్వాత ఇంకో గట్టు దాటి చూద్దామనుకున్నాను. అది దాటాక ఇంకోటి. చలికి కాళ్లకి స్పర్శ పోయింది. అప్పుడు గుర్తొచ్చింది, సోమవారం ఏడింటికి బస్సు తీయాలి, పద్దెనిమిది మంది పిల్లలు రోడ్డు మీద నిలబడి ఉంటారు. వెనక్కి తిరిగాను. నాన్న అయితే తిరిగి వచ్చేవాడు కాదు అనుకుంటూ దారంతా సిగ్గుతో ఏడ్చాను.

ఇంటికొచ్చి చదివితే, నాన్న నిజంగానే తిరిగి రాలేదు.

నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఒక్క గుండు, ఒక్క గుండు అని పదకొండేళ్లు మనసులో పెట్టుకుని తిరిగాను. ఆ జంతువు ఏ పొదలోనో ఎన్నాళ్లకి చచ్చిందో తెలియదు. అందులో నీ వాటా ఉంది. నేను నీకు రాసిన అబద్ధం వాటా కూడా ఉంది. ఎవరిది ఎక్కువో లెక్క తేల్చబోయాను, తేలలేదు. మంచం కింద తుపాకీ పెట్టుకున్నావని రాసిన మాటకి మాత్రం నన్ను క్షమించు.

నీ ఉత్తరం అమ్మకి పైకి చదివాను. దుంపల తొక్క తీస్తూ వింది. మొత్తం అయ్యాక లేచి, చేతులు తుడుచుకుని, గోడ మీంచి నాన్న చీటీ తెచ్చి నా ముందు పెట్టింది.

"చూడవే. ఎక్కడైనా మరక ఉందా?"

లేదు. రోజూ చూస్తున్నాను, ఎప్పుడూ కనిపెట్టలేదు.

"ఎల్క్ కొమ్ముకి కట్టి తెచ్చిన చీటీలు ఇరవై నాలుగేళ్లు చూశాను, ఆయన చొక్కాలు ఉతికాను. రక్తం అంటని చీటీ ఒక్కటీ లేదు. ఆ రోజు చీటీ శుభ్రంగా ఉంది. ఆయన చేతులూ శుభ్రంగా ఉన్నాయి. నాకా రోజే తెలుసు."

"తెలిసీ మామయ్యని అడగలేదా?"

"అన్నయ్యే చెబుతాడని చూశాను. ప్రతి ఉత్తరం అందుకోసమే విప్పాను. సముద్రం రాశాడు, సూపు రాశాడు, పొగమంచు రాశాడు. అదొక్కటే రాయలేదు. ఇంక నేనేం జవాబివ్వను?" చీటీ అద్దం తుడుస్తూ, "నువ్వు ఆ ఫిరంగి ఇంటికి తెచ్చిన రోజైనా నేను నోరు విప్పాల్సింది. నా తప్పూ ఉంది" అని ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అమ్మ నా ముందు ఏడవలేదు మామయ్యా.

చీటీ మళ్లీ గోడకే తగిలించింది. నాది పక్కన పెట్టలేదు. బస్సులో, కళ్లలో ఎండ పడకుండా దించుకునే రేకు వెనక గుచ్చుకున్నాను.

పెద్ద తుపాకీ షాపుకి తిరిగి ఇచ్చేశాను. నిన్న ఆదివారం బీరువాలోంచి పాత టూ-సెవెంటీ తీశాం. కొట్టం వెనక గడ్డిమోపు మీద ఆనించి గురిపెట్టాను, అమ్మ పక్కన కూర్చుని తూటా పెట్టింది. చూడకుండా తల తిప్పుకున్నాను. ఉత్త తొడుగు అయిదుసార్లు. వాటిలో రెండుసార్లు గొట్టం ఉలిక్కిపడింది. భుజానికి ఇంకా ఆ ఫిరంగి గుర్తుంది. రోజూ చేయిస్తానంది అమ్మ. మళ్లీ చీటీ ఎప్పుడొస్తుందో, ఎనిమిదేళ్లు పట్టొచ్చు. తొందరేం లేదు.

అమ్మ ఇక్కడే నిలబడి ఏం రాస్తున్నావని చూస్తోంది. నీకు చెప్పమంటోంది. ఈసారి ఫోన్ చేస్తే మంచు సంగతి అడగొద్దంట. ఆయాసమొస్తే ఆగి ఆగి చెప్పమంటోంది. తను పెట్టెయ్యదంట.

ట్రూడీ